విరామకాలమున యోగక్షేమము
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 ఇట్టి సభలలో వంశచరిత్రమును గూర్చియు, విద్యాభివృద్ధిని గూర్చియు, ఆచారసంస్కరణమును గూర్చియు పెద్దలు ప్రసంగించుట పరిపాటి. మేము మాత్రము నేడు డబ్బును గూర్చి మాటలాడ దలచితిమి. సంస్కృతము చదువుకొన్న బడిపంతులు శాస్త్రప్రసంగము మాని చిల్లరలెక్క లేల యెత్తుకొనెనని కొందఱకు వింతగా తోచవచ్చును. కాని పురుషార్థములలో అర్థమునకు స్థానమిచ్చిన పూర్వులు దానిని నీచమని త్రోసివేయలేదు. ధర్మమునకును కామమునకును నడుమ దానిని నిలిపిరి. చేతిలో చిల్లిగవ్వ లేని గృహస్థునకు ధర్మము నడపుట యెంత కష్టమో అనుభవించినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. అందును ఉద్యోగము ముగిసి, ఆదాయము తగ్గి, ఆయువు మాత్రము మిగిలియున్న కాలమున ఈ కష్టము రెట్టింపగును. కావున ఉద్యోగమును ముందుగా విడిచి మితమైన యాదాయముతో బ్రదుకవలసినవారి స్థితిని గూర్చి నాలుగు మాటలు విన్నవించుకొందుము.

పూర్వము ఉద్యోగవిరమణ మన్నచో ప్రభుత్వము నిర్ణయించిన వయస్సు నిండుటయే యని తలంచెడివారము. ఆ వయస్సే స్థిరముగ నుండలేదు. 1983లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము విరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించెను. వేలకొలది యుద్యోగులు మూడేండ్లు ముందుగా ఇల్లు చేరవలసివచ్చెను. కొంతకాలమునకు మరల 58 చేసిరి. తరువాత ఆంధ్రప్రదేశమున 2014లో 60, 2022లో 62 అయ్యెను. తెలంగాణమున 2021లో 61 అయ్యెను. ఇంతకంటె మన కుటుంబములను గట్టిగా తాకినది 1984 జనవరి. ఆ నెలలో గ్రామ కరణపు, మునసబు పదవులు రద్దుచేయబడెను. తరతరములుగా వచ్చుచుండిన కరణీకము ఒక్కమాటుగా పోయెను. నడివయస్సులో, పిల్లలు బడికి పోవుచుండగా, కలము క్రింద పెట్టినవారు ఆనాడు మనలో నెందఱో. వారిలో కొందఱు నిలదొక్కుకొనిరి, కొందఱు ఉన్న పొలమమ్మి పట్టణము చేరిరి.

అటుపిమ్మట 2000-2001 సంవత్సరములలో ప్రభుత్వరంగ బ్యాంకులనుండి ఇంచుమించు లక్షమంది స్వచ్ఛంద విరమణము గైకొనిరి. 2020 జనవరి 31న భారత సంచార నిగమమునుండి ఏబదియేండ్లు దాటిన 78 వేల మందికి మించి ఒక్కనాడే విరమించిరి. నేడు హైదరాబాదు నగరమున కంప్యూటరు కంపెనీలలో పనిచేయు మన పిల్లలలో కొందఱు నలువదియైదేండ్లకే చాలించెదమని సంకల్పించుచున్నారు. మఱికొందఱను ఆ వయస్సునకే కంపెనీలు సాగనంపుచున్నవి. తానై విడిచినను, విడువవలసివచ్చినను, మఱునాటి యుదయమున ఎదురగు ప్రశ్న యొక్కటియే: ఉన్నదానితో ఎన్నాళ్లు, ఎట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మనకొక పాతమాట కలదు. 'యోగక్షేమములు' అని నిత్యము వ్రాయుచుందుము, అడుగుచుందుము. వ్యాఖ్యాతలు ఈ పదమును విడదీసి అర్థము చెప్పుదురు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. ఉద్యోగకాలమున మన దృష్టి యంతయు యోగముమీద నుండును. నెల తిరిగిన జీతము వచ్చును గనుక ఈ నెల పొరపాటు వచ్చు నెల దిద్దుకొనవచ్చును. విరమించిన నాటినుండి యోగము సన్నగిల్లి క్షేమమే ప్రధానమగును. ఇచట పోయినది తిరిగి రాదు. ఈ మార్పును మనస్సు ఒప్పుకొనకపోవుటయే అనేకుల కష్టములకు మొదటి కారణము. జీతగాని చేయి అలవాటు తప్పక పింఛనుదారుని సంచిలోనికి పోవుచుండును.

మొదట కాలపు లెక్క చూతము. ఏబదియవ యేట విరమించినవాడు ఎనుబదియేండ్లు జీవించినచో ముప్పదియేండ్లు గడపవలెను. ఇది అతడు ఉద్యోగము చేసిన కాలమునకంటె ఎక్కువ కావచ్చును. ఇక ధరల లెక్క. ధరలు ఏటికి నూటికి ఆరు వంతున పెరుగుచుండినచో పండ్రెండేండ్లకు రెట్టింపగును. నేడు నెలకు రూ. 20,000లతో గడచు సంసారమునకు పండ్రెండేండ్ల తరువాత రూ. 40,000లు, ఇరువదినాలుగేండ్ల తరువాత రూ. 80,000లు కావలసియుండును. తినెడి అన్నము పెరుగదు, కట్టెడి బట్ట పెరుగదు. ధర మాత్రమే పెరుగును. ఈ చిన్న గుణకారము తెలియక, విరమించిన నాటి వడ్డీని చూచి 'ఇది చాలును' అనుకొన్నవారు డెబ్బదియేండ్ల ప్రాయమున చిక్కులలో పడుచున్నారు.

కావున తన యాదాయములో ధరలతో పాటు పెరుగున దెంత, పెరుగని దెంత యని ప్రతి యొక్కరును విడదీసి చూచుకొనవలెను. పాతపద్ధతి ప్రభుత్వ పింఛనునకు కరవుభత్యము కలియుచుండును గనుక అది ధరల వెంట కొంత నడచును. ఆంధ్రప్రదేశమున 2004 సెప్టెంబరు 1 నుండి చేరిన రాష్ట్రోద్యోగులు ఆ పద్ధతిలో గాక, జీతమునుండి వంతు చెల్లించెడి క్రొత్త పద్ధతిలో చేర్చబడిరి. వారు తమ భాగ్యమును వేఱుగ లెక్క చూచుకొనవలెను. ప్రైవేటు సంస్థలలో పనిచేసినవారికి 1995లో ఏర్పడిన భవిష్యనిధి పింఛను కలదు. అది 58 యేండ్లకు రావలసినది. ఏబదియేండ్లు నిండినచో ముందుగా కోరవచ్చును గాని, ముందైన యేడాది యొక్కింటికి నూటికి నాలుగు వంతున తగ్గించి యిత్తురు. ఆ తగ్గింపు ఆజన్మాంతము. 2014 సెప్టెంబరునుండి దాని కనీసమును నెలకు రూ. 1,000గా నిర్ణయించిరి. దానికి కరవుభత్యము లేదు. ఇట్టిదానిని నమ్ముకొని యేబదియవ యేట రాజీనామా యిచ్చుట సాహసము.

ఇక నిలువసొమ్ముపై వడ్డీ. అరువదియేండ్లు నిండినవారికి 2004లో ప్రారంభింపబడిన వృద్ధుల పొదుపు పథకము తపాలా కార్యాలయములలోను, బ్యాంకులలోను కలదు. ఏబదియైదు దాటి విరమించినవారును, ఆ వయస్సు దాటి స్వచ్ఛంద విరమణము గైకొన్నవారును, సొమ్ము చేతికందిన కొలది కాలములోపల దీనిలో చేరవచ్చును. 2023లో దీని పరిమితిని 15 లక్షలనుండి 30 లక్షలకు పెంచిరి. ఆ యేటి ఏప్రిలునుండి వడ్డీని నూటికి 8.2గా నిర్ణయించిరి. ప్రభుత్వము మూడు నెలల కొకమాఱు వడ్డీని విచారించుచుండును గాని, చేరిననాటి వడ్డీ అయిదేండ్ల వఱకు మారదు. ముప్పది లక్షలు ఈ వడ్డీకి వేసినవానికి ఏటికి రూ. 2,46,000లు, అనగా నెలకు రూ. 20,500లు వచ్చును. అంతకంటె చిన్నవయస్సువారికి తపాలా నెలసరి యాదాయ పథకమున్నది. 2023లో ఒక్కరి పేర దాని పరిమితి 9 లక్షలకు పెరిగెను; ఆ ఏప్రిలునుండి వడ్డీ 7.4. తొమ్మిది లక్షలకు నెలకు రూ. 5,550లు.

ఇచటనే యొక సూక్ష్మమున్నది. వచ్చిన వడ్డీ యంతయు ఫలమని భ్రమపడరాదు. ధరలు నూటికి ఆరు పెరుగునప్పుడు 8.2 వడ్డీలో నిజమైన ఫలము రెండుకు కొంచెము మించి మాత్రమే. తక్కినది అసలు తరుగును పూడ్చుటకు వచ్చిన సొమ్ము. రైతు పంట నంతయు వండుకొని తినడు. వచ్చు కారునకు విత్తనములు గాదెలో వేఱుగ నుంచును. వడ్డీలో కొంతభాగము తిరిగి నిలువలో చేర్చువాడు ఆ రైతువంటివాడు. మొదటి పదియేండ్లు, ఒడలిలో శక్తి యుండి వైద్యపు ఖర్చులు తక్కువగా నున్నప్పుడు, వడ్డీలో మూడవ వంతైన మిగిల్చి వేయువారికి వార్ధకమున ఒకరి ముఖము చూడవలసిన అగత్యము తగ్గును. అది సాధ్యము కానివారు విరమణమును రెండుమూడేండ్లు వాయిదా వేసికొనుట మేలు. లేదా విరమించిన తరువాత చిన్నపని యొకటి చూచుకొనుట మేలు.

ఇప్పుడు విరమణనాడు చేతికి వచ్చు పెద్దమొత్తమును గూర్చి చెప్పెదము. గ్రాట్యుటీ, భవిష్యనిధి, సెలవుల సొమ్ము కలిసి, జన్మలో నెన్నడును చూడనంత ధనము ఒక్కమాటుగా బ్యాంకుపుస్తకములో కనబడును. ఆ వార్త మన బంధువర్గమున ఎట్లు ప్రాకునో దైవమునకే తెలియును. ఇల్లు పైయంతస్తు వేయుమని కుమారుడు, వ్యాపారమునకు పెట్టుబడి యిమ్మని అల్లుడు, చీటి పాడుమని ప్రక్కింటివాడు, స్థలము కొనుమని మధ్యవర్తి, ఒక్కొక్కరుగా వత్తురు. అందఱును ప్రేమతోనే వత్తురు. మా మనవి యేమనగా, ఆ మొత్తమును ఆరునెలలపాటు కదల్పరాదు. ప్రభుత్వ పథకములో వేయుటకు గడువున్న భాగమును గడువులోపల వేసి, తక్కినది బ్యాంకులో డిపాజిటుగా నుంచి, 'ఆరునెలలు గడచినగాని ఏమాటయు చెప్పలే'నని అందఱకు నొకటే సమాధానము చెప్పవలెను. ఆరునెలలలో సగము కోరికలు తమంతట తామే చల్లారును.

పింఛనులో కొంతభాగమును ముందే అమ్ముకొని రొక్కము తీసికొను సదుపాయము కలదు. దానినే కమ్యుటేషను అందురు. నూటికి నలువది వంతుల వఱకు అమ్మవచ్చును. పదునైదేండ్ల తరువాత ఆ భాగము తిరిగి కలియును. ఎక్కువ వడ్డీగల బాకీ తీర్చుటకు ఇది యుపయోగించును. పెండ్లివిందునకై దీనిని వాడుట, పదునైదేండ్ల పప్పుబియ్యములను ఒక్క పూటలో వడ్డించుటయే.

సొమ్ము దాచు స్థలమును గూర్చి మూడు జాగ్రత్తలు. మొదటిది: బ్యాంకు మునిగినచో భీమాక్రింద వచ్చునది 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్కరికి ఒక్కొక్క బ్యాంకున అసలును వడ్డీయు కలిసి 5 లక్షల వఱకే; అంతకుముందు అది లక్ష మాత్రమే. కావున చిన్న బ్యాంకులలో ఆ మితమునకు మించి యుంచరాదు. రెండవది: చీటిలో చేరువారు 1982 నాటి చట్టముక్రింద రిజిస్టరైన చీటియో కాదో చూచి చేరవలెను. ముఖపరిచయముపై నడచు చీటిలో సొమ్ము పోయినచో చుట్టఱికమును పోవును. మూడవది: సర్కారు ఎనిమిది వడ్డీ యిచ్చుచుండగా పదునాఱు, ఇరువదినాలుగు ఇత్తుమను వానిని చూచినచో లేచి వచ్చివేయవలెను. అనుమతి లేని డిపాజిట్లను నిషేధించుచు 2019లో పార్లమెంటు చట్టము చేసినది. అయినను చట్టము దొంగను పట్టుటకు పనికివచ్చునంతగా పోయిన సొమ్ము తెచ్చుటకు పనికిరాదు.

ఇక నిత్యజీవనము. మన పెద్దలు ఊరందఱి లెక్కలు వ్రాసినవారు. ఏ పొలమున ఏ పైరున్నదో అడంగలులో నెక్కించి, ఏటేట జమాబందీనాడు అధికారి యెదుట పైసతో సహా అప్పగించినవారు. అట్టివారి సంతతిలో పుట్టిన మనకు మన యింటి లెక్క వ్రాయుటకు బద్ధకమేల? దినచిట్టా యొకటి చాలును. ఏడాది కొకసారి, ఉగాది వెళ్లిన పిమ్మట, ఇల్లాలిని, ఎదిగిన పిల్లలను కూర్చుండబెట్టి ఇంటికి జమాబందీ చేయవలెను. ఆదాయమెంత, వ్యయమెంత, ఎక్కడ పొంగినది, నిలువ యెక్కడ నున్నది, కాగితము లే పెట్టెలో నున్నవి యని అందఱకు తెలియవలెను. లెక్క దాచిన యింట అనుమానము పుట్టును. లెక్క విప్పిన యింట పిల్లలే ఖర్చు తగ్గింతురు.

వ్యయమును నాలుగు పద్దులుగా విభజింతము: అన్నము, ఆవాసము, ఔషధము, ఆచారము. అన్నమున తగ్గింపవలసినది స్వల్పము. పాలు, పండ్లు, కూరలు మాని వైద్యునకు కట్టుట మితవ్యయము కాదు. ఆవాసమున మాత్రము పెద్ద మార్పునకు అవకాశమున్నది. ఉద్యోగమునకై నగరమున నున్నవారికి ఉద్యోగము పోయిన తరువాత ఆ అద్దె యేల? తెనాలి, రాజమహేంద్రవరము, ఖమ్మము వంటి పట్టణములలో నగరపు అద్దెలో సగమునకే సౌకర్యమైన యిల్లు దొరకును. అయితే మంచి ఆసుపత్రియు, నడచిపోదగిన దూరమున కూరల అంగడియు, మాటలాడ నలుగురు స్నేహితులును ఉన్నచోటనే చేరవలెను. పుట్టినయూరను మమకారముతో వైద్యము దొరకని పల్లెకు పోయి, ఒక రాత్రి యాపదలో చిక్కుకొనరాదు.

ఔషధపు పద్దు ముందుగా విరమించువారికి ఆయువుపట్టు. ఉద్యోగమున్నన్నినాళ్లు సంస్థవారి ఆరోగ్యభీమా కాపాడును. ఉద్యోగముతో పాటు సాధారణముగ అదియు పోవును. కావున రాజీనామాకు ముందే, ఆరోగ్యముగా నున్నప్పుడే, తన పేరను భార్యపేరను స్వంత భీమా తీసికొనవలెను. పూర్వమునుండి యున్న వ్యాధులకు భీమా సంస్థలు కొంతకాలము చెల్లింపు నిలుపుదల చేయును. 2024లో ఆ గరిష్ఠకాలమును నాలుగేండ్లనుండి మూడేండ్లకు తగ్గించిరి. 2025 సెప్టెంబరు 22 నుండి స్వంత ఆరోగ్యభీమాపై వస్తుసేవాపన్ను తీసివేసిరి. 2024 అక్టోబరునుండి డెబ్బదియేండ్లు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ కేంద్రప్రభుత్వము ఏటికి 5 లక్షల వఱకు వైద్యసదుపాయము కల్పించినది. అది మేలే. కాని యేబదింట విరమించినవానికి డెబ్బది రాక ముందు ఇరువదియేండ్లున్నవి. ఆ ఇరువదియేండ్లకు వంతెన తానే కట్టుకొనవలెను.

నాలుగవది ఆచారపు పద్దు. ఇచట మేము కొంచెము నిష్ఠురముగ మాటలాడెదము, పెద్దలు మన్నింతురుగాక. మనవారిలో మధ్యతరగతి పింఛనుదారులను క్రుంగదీయుచున్నది అన్నము కాదు, అద్దె కాదు. మూడుదినముల వివాహములు, ఉపనయనపు విందులు, గృహప్రవేశపు బహుమానములు, వెళ్లినచోటనెల్ల పెట్టవలసిన పట్టుబట్టలు. వేదమంత్రములకు కావలసినది అగ్నిహోత్రము, నలుగురు పెద్దలు, వధూవరుల సమ్మతి. ముప్పదియాఱు వంటకములు ఏ గృహ్యసూత్రమునను విధింపబడలేదు. సంపన్నులు చేసికొన్నచో మాకు ఆక్షేపణము లేదు. కాని వారు చేసినదే మర్యాదయై కూర్చుండుటచేత, చేయలేనివాడు 'తక్కువవాడు' కాకుండుటకై గ్రాట్యుటీ నర్పించుచున్నాడు. ఆడపిల్ల తండ్రి విరమించిన సంవత్సరముననే వివాహము తలపెట్టుటలో రహస్యమేమో అందఱకు తెలిసినదే: సొమ్ము చేతనున్నదని మగపెండ్లివారికిని తెలియును. ఈ దుర్నయము మన మధ్య నుండగా మితవ్యయమును గూర్చి పేదవానికి బోధించుట న్యాయము కాదు.

మనుష్యుడు దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూడు ఋణములతో పుట్టునని శాస్త్రము. విరమించిన తరువాత నాలుగవ ఋణము చేర్చుకొనరాదు. వాయిదాలు మిగిలియుండగా ఉద్యోగము విడువరాదు. విడిచినతరువాత ఎవరి బాకీకిని జామీను సంతకము పెట్టరాదు. జామీను పెట్టుట సొమ్మిచ్చుటకంటె ప్రమాదకరము. ఇచ్చినసొమ్మునకు హద్దు తెలియును, జామీనునకు తెలియదు. బంధువునకు సాయపడ దలచినచో, పోయినను మనకు అన్నము పోనంత మొత్తమును, తిరిగి రాదనుకొనియే, చేతిలో పెట్టుట మేలు. స్నేహమును నిలుచును.

ఆస్తి విషయమున సోదరీమణులు శ్రద్ధగా వినగోరెదము. ఉన్న యొక్క యింటిని బ్రదికియుండగానే పిల్లలకు దానపట్టా వ్రాసి యిచ్చుట మనలో వాడుక. పిల్లలు మంచివారే, కాని కాలము, కోడండ్రు, అల్లుండ్రు, ఉద్యోగములు, అప్పులు మన చేతిలో లేవు. వీలునామా వ్రాసినచో మన తరువాత వారికే చెందును. మనమున్నన్నినాళ్లు మన గడప మనదిగా నుండును. దానపట్టా వ్రాయక తప్పనప్పుడు, తమ్ము పోషింపవలెనను షరతును అందులో స్పష్టముగా వ్రాయింపవలెను. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టములో, అట్టి షరతుతో ఆస్తి పుచ్చుకొని పోషింపనిచో ఆ బదిలీని రద్దుచేయించుకొను హక్కు కలదు. షరతు వ్రాయనివారు న్యాయస్థానముల చుట్టు తిరుగవలసివచ్చుచున్నది.

భర్త పోయిన తరువాత భార్యకు వచ్చు కుటుంబ పింఛను పూర్తి పింఛనులో భాగము మాత్రమే. కేంద్రోద్యోగుల విషయమున సాధారణముగ అది కడపటి జీతములో నూటికి ముప్పది వంతులు. కరెంటు ఖర్చును, ఇంటి మరమ్మతును, మందులును ఆ నిష్పత్తిలో తగ్గవు. కావున కుటుంబపు లెక్క వేయునప్పుడు భర్త పింఛనుతో గాక భార్య యొంటరిగా బ్రదుకవలసిన నాటి యాదాయముతో వేయవలెను. బ్యాంకుఖాతాలలో ఇద్దఱి పేర్లుండవలెను. ప్రతి డిపాజిటునకు నామినీ యుండవలెను. పింఛను పుస్తకములో భార్యపేరు, పుట్టినతేదీ తప్పులేకుండ నుండవలెను. అక్షరమొకటి తప్పిన కారణమున ఎందఱు వితంతువులు కార్యాలయముల మెట్లు ఎక్కి దిగుచున్నారో మీలో అనేకులు చూచియున్నారు. బ్యాంకునకు పోవుట మగవారి పనియని యింట కూర్చుండబెట్టిన ఇల్లాలు ఆ దినమున ఎవరి ననుసరింపవలెను?

ఇంతవఱకు ధనమును గూర్చి చెప్పితిమి. మనస్సును గూర్చి కొంచెము. వానప్రస్థ మనగా అడవికి పోవుట మాత్రమే కాదు. కోరికలను క్రమముగా కుదించుకొనుట. ఆ కుదింపు దారిద్ర్యము కాదు, బుద్ధిపూర్వకముగ చేసినచో స్వాతంత్ర్యము. అమెరికాలోనున్న కుమారుని డాలర్లతో మన రూపాయలను పోల్చుకొని కుములరాదు. వాని యింటిఖర్చు వానికున్నది. వాడు పంపినది సంతోషముగ పుచ్చుకొనవచ్చును గాని, దానిని నెలసరి యాదాయములో జమ వేసికొనరాదు. పనిచేయుట సిగ్గు కాదు. లెక్కలు తెలిసినవారు చిన్న అంగళ్లకు పద్దులు వ్రాయవచ్చును. చదువు తెలిసినవారు నలుగురు పిల్లలకు పాఠము చెప్పవచ్చును. నెలకు అయిదువేలు వచ్చినను నిలువలో అయిదువేలు మిగిలినట్లే. దానితో పాటు తెల్లవాఱి లేచుటకు ఒక హేతువుండును. పనిలేని పగలు పర్సుకును ఒడలికిని కూడ చేటు.

కడపటిగా సంఘమువారికి, ముఖ్యముగ పోషకమహాశయులకు, కొన్ని ప్రార్థనలు.

మొదటిది: సంఘకార్యాలయములో నెలకొక దినము పింఛనుదారుల సహాయమునకై కేటాయింపుడు. ఏటేట ఇచ్చెడి జీవనప్రమాణపత్రము, నామినీల మార్పు, భీమా దరఖాస్తు, కుటుంబ పింఛను కాగితములు వ్రాసిపెట్టుటకు విరమించిన మన బ్యాంకు, ఖజానా యుద్యోగులే చాలుదురు. దీనికి నయాపైస ఖర్చు లేదు.

రెండవది: సంఘపు కల్యాణమండపమును ఒక్కపూట వివాహములకు, మితమైన విందులకు తక్కువ అద్దెకు ఇండు. అంతకంటె ముఖ్యముగా, పోషకులలో ఒకరిద్దఱైన తమ యింటి శుభకార్యమును అట్లు జరిపి చూపుడు. శక్తిలేనివాడు నిరాడంబరముగ చేసినచో లోభియందురు. శక్తిగలవాడు చేసినచో ఆదర్శమందురు. ఈ సంస్కరణమును పైనుండియే ప్రారంభింపవలెను.

మూడవది: భవనములకు చందాలిచ్చుచున్న పోషకులు అందులో కొంతభాగముతో వైద్యనిధి యొకటి నెలకొల్పుడు. ఆసుపత్రిలో చేరుదినమున కట్టవలసిన సొమ్మునకై గాజులు కుదువబెట్టు స్థితి మన యాడువారికి కలుగకుండునట్లు, వడ్డీ లేని యప్పుగ ఇచ్చి, భీమాసొమ్ము వచ్చిన తరువాత తిరిగి తీసికొనవచ్చును. నిధి తరుగదు, మానము దక్కును.

నాలుగవది చిన్నదిగా తోచును గాని మా దృష్టిలో చిన్నది కాదు. ఇట్టి సంచికలలో చందాదారుల పేర్లు మొత్తముల వరుసను అచ్చగుచుండును. పెద్దమొత్తములు ముందు, చిన్నవి వెనుక. వెనుక పుటలో తన పేరు చూచుకొనలేక, పింఛనులో మూడునెలల భాగమును చందాగ వ్రాయు వృద్ధులు కలరు. పేర్లను అకారాదిక్రమమున, మొత్తములు లేకుండ అచ్చువేసినచో పోషకుల కీర్తికి లోపము రాదు. వారిని ఊరందఱు నెఱుగుదురు. పింఛనుదారుల కడ మాత్రము నూటపదాఱ్లకు మించి చందా స్వీకరింపరాదని నిబంధన చేయుడు. సంఘము తన సభ్యుని కాపాడుటకు పుట్టినది గాని, సభ్యుడు సంఘమును కాపాడబోయి తాను కూలుటకు గాదు.

కులబాంధవులారా! ఈ విషయములలో క్రొత్త సిద్ధాంత మేదియు లేదు. ఇంటి లెక్క వ్రాయుట, నిలువను విడదీసి యుంచుట, భీమా ముందుగా తీసికొనుట, జామీను పెట్టకుండుట, ఇల్లాలికి కాగితములు చూపుట, ఇవి రేపటినుండియే ప్రారంభింపదగిన పనులు. పై నాలుగు ప్రార్థనలను ఈ మహాసభ ముగియులోపల తీర్మానములుగ ప్రవేశపెట్టి చర్చింపుడని అధ్యక్షులను వేడుచున్నాము. 

స్వస్తి.